ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి చీలమండ వాపు ఎందుకు దిగట్లేదు?

సాగరకెరటం
తమ్ముడు (24 ఏళ్ళు) ఇసుకలో వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు పాదం లోపలికి మడత పడింది. ఇవాళ్టికి 6వ రోజు. ఎక్స్‌రే తీసి "ఎముక బాగుంది, నరం బెణికింది, అదే తగ్గుతుంది" అని 5 రోజులకి మాత్రలిచ్చారు. బయటి గుబ్బ కింద వాపు అలాగే ఉంది, నలుపు మడమ దాకా దిగింది. కుంటుతూ నడుస్తున్నాడు. అమ్మేమో వావిలాకు కాపడం పెట్టి ఆముదంతో తోమాలంటోంది, పక్కింటాయన నాటు కట్టు కట్టించమంటున్నాడు. 5 వారాల్లో సింహాచలం గిరి ప్రదక్షిణ, వాడు వెళ్ళి తీరతానంటున్నాడు. ఏటి చెయ్యాలి? ఎముక బాగుంటే ఇంత వాపు ఎందుకు?

ఫిజియో_మద్దిలపాలెం
ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, ఎముకని ఎముకకి కట్టిన లిగమెంటు కనిపించదు. "ఏమీ లేదు" అంటే "విరగలేదు" అని మాత్రమే అర్థం.

చీలమండ బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. ఒకటి గుబ్బ ముందు అంచు నుంచి ముందుకి, ఒకటి గుబ్బ కొన నుంచి కిందకి మడమ ఎముక మీదకి, ఒకటి వెనక్కి. వేళ్ళు కిందకి వాలి ఉండగా పాదం లోపలికి తిరిగితే బరువంతా మొదట ముందుదాని మీద పడుతుంది. మూడింట్లో బలహీనమైనది కూడా అదే. ఎగిరి దిగేటప్పుడు పాదం సరిగ్గా ఆ వాలులోనే ఉంటుంది. ఇంకా గట్టిగా తిరిగితే రెండోది కూడా చిరుగుతుంది. వెనకది తెగడం అరుదు, అది తెగిందంటే కీలు పక్కకి జారేంత దెబ్బ.

నలుపు మడమ దాకా దిగిందని కంగారు పడొద్దు. చిరిగిన చోట కారిన రక్తం బరువుకి కిందకి దిగుతుంది. అది కొత్త దెబ్బ కాదు.

ఎముకలడాక్టరు
ఎక్స్‌రే ఎవరికి కావాలి అన్నదానికి కెనడాలోని ఒట్టావాలో 1992లో ఒక పద్ధతి తయారు చేశారు. ఇంట్లో కూడా వేలితో చూసుకోవచ్చు:

బయటి గుబ్బ కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా, ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పిగా ఉందా? లోపలి గుబ్బ మీద అదే పని చేస్తే? పాదం బయటి అంచున, మడమకీ చిటికెనవేలికీ నడుమ తగిలే ఎముక గడ్డ మీద? పాదం లోపలివైపు వంపు పైన ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద? దెబ్బ తగిలిన వెంటనేనూ, చూపించుకునేటప్పుడూ, రెండుసార్లూ నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయాడా?

వీటిలో ఏ ఒక్కటి "అవును" అయినా ఎక్స్‌రే తప్పనిసరి. అన్నీ "లేదు" అయితే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చిటికెనవేలి వైపు ఎముక గడ్డని మాత్రం మర్చిపోవద్దు. చీలమండకి తీసిన ఎక్స్‌రేలో అది ఒక్కోసారి అంచున పడి తప్పిపోతుంది.

లిగమెంటు ఎంత చిరిగిందో తెలుసుకోవడానికి 6వ రోజు మంచి సమయం. మొదటి రెండు రోజుల్లో వాపూ నొప్పీ ఉండి కండరాలు బిగబట్టేస్తాయి, చేత్తో చూస్తే ఏమీ తేలదు. 4, 5 రోజుల తరవాత మడమ పట్టుకుని ముందుకి లాగి చూసే పరీక్ష నమ్మదగినది. ఒకసారి ఎవరికైనా చూపించి ఆ పరీక్ష చెయ్యమని అడగండి. ఈ దశలో ఎమ్మారై అక్కర్లేదు.

బీచ్‌రోడ్_వాకర్
ఐస్ పెట్టండి. రోజుకి నాలుగుసార్లు, వాపు పోయేదాకా. అందరికీ తెలిసిందే కదా.

ఫిజియో_మద్దిలపాలెం
బీచ్‌రోడ్ గారూ, 6వ రోజుకి ఐస్ వల్ల వచ్చే లాభం తక్కువ. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అన్న సూత్రం 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ పెట్టాడు. ఐస్ వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తరవాత ఆయనే రాశాడు. ఐస్ నొప్పికి మందు. మొదటి రెండు మూడు రోజులు, తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, గడ్డ చర్మానికి నేరుగా తగలకుండా. అంతే.

కట్టు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజ్ తీసుకోండి. పాదం పిక్కకి నిలువుగా, 90 డిగ్రీల్లో ఉంచాలి. వేళ్ళ మొదలు నుంచి మొదలుపెట్టి పైకి, ప్రతి చుట్టూ కింది చుట్టు సగం మీద పడేలా, చీలమండ దగ్గర 8 అంకెలా తిప్పుతూ పిక్క మొదలు దాకా. వేళ్ళ దగ్గర కాస్త బిగువు, పైకి వెళ్ళేకొద్దీ వదులు. చాలామంది తిరగేసి పైన బిగిస్తారు, వేళ్ళు ఉబ్బుతాయి. చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే, లేదా తిమ్మిరి ఎక్కితే, విప్పి మళ్ళీ చుట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేసి కాలి కింద రెండు దిళ్ళు పెట్టండి.

సాగరకెరటం
మేం ఇన్నాళ్ళూ పైనుంచి కిందకి చుడుతున్నాం! ఇప్పుడే మార్చాను. కాపడం, ఆముదం సంగతి చెప్పండి, అమ్మ అడుగుతోంది.

ఫిజియో_మద్దిలపాలెం
అమ్మగారికి చెప్పండి: మొదటి మూడు రోజుల్లో కాపడం పెట్టి ఉంటే రక్తం ఇంకా కారి వాపు పెరిగేది, పెట్టకపోవడమే మంచిదైంది. ఇప్పుడు చేత్తో ముట్టుకుంటే వాపు వేడిగా లేకపోతే, వ్యాయామానికి ముందు 10 నిమిషాలు వావిలాకు కాపడం పెట్టొచ్చు. బిగువు సడలుతుంది. తోమడం మాత్రం చిరిగిన చోట వద్దు. కొత్తగా అల్లుకుంటున్న పోగుల్ని బొటనవేలితో రుద్ది తెంపినట్టే. ఆముదం రాసి వేళ్ళ నుంచి పిక్క వైపు అరచేత్తో మెల్లగా నిమరండి, నీరు పైకి లాగుతుంది.

నాటు కట్టు వద్దు. పసుపో సున్నమో అన్న గొడవ కాదు. గట్టి బద్దలు పెట్టి మూడు వారాలు కదలకుండా బిగించడమే అసలు నష్టం. లిగమెంటు లాగుడు తగిలినప్పుడే పోగుల్ని ఒక వరసలో పేర్చుకుంటుంది. లాగుడు లేకపోతే చింపిరి జుట్టులా అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది.

జంతుశాస్త్రం_లెక్చరర్
ఫిజియో గారి మాటకి ఆధారం ఉంది. 1970ల్లో కోతుల మోకాళ్ళని 8 వారాలు కదలకుండా కట్టి చూశారు. కట్టు విప్పి ఏడాది గడిచినా లిగమెంటు బలం పూర్తిగా తిరిగి రాలేదు. లిగమెంటు ఎముకలోకి దిగే చోటే ఎక్కువ బలహీనపడింది.

లిగమెంటు బరువులో సుమారు మూడింట రెండు వంతులు నీరే. ఆ నీరు తీసేస్తే మిగిలేదాంట్లో ముప్పాతిక కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులే. ఇవి తిన్నగా ఉండవు, మైక్రోస్కోపు కింద చూస్తే కెరటాల్లా మడతలు మడతలుగా ఉంటాయి. కొద్దిగా లాగితే ముందు మడతలు విప్పుకుంటాయి, తరవాతే పోగు బిగుసుకుంటుంది. మొదటి కాస్త లాగుడు హాయిగా ఉండడం, ఆ తరవాత గట్టిగా ఆగిపోవడం ఇందుకే.

భాషాభిమాని_భీమిలి
ఒక్క మాట. "నరం బెణికింది" అన్నది తప్పు. నరం కబురు మోసేది, ఇక్కడ చిరిగింది కట్టు. కొందరు లిగమెంటుని స్నాయువు అని రాస్తే, కొందరు టెండన్‌కి అదే మాట వాడతారు. పిల్లలు తికమక పడతారు. ఎముకకీ ఎముకకీ మధ్యదాన్ని సంధిబంధనం అనీ, కండకీ ఎముకకీ మధ్యదాన్ని కండర అనీ అంటే సరిపోతుంది.

సుశ్రుత సంహితలో స్నాయువులు 900 అని లెక్క: కాళ్ళూ చేతుల్లో 600, మొండెంలో 230, మెడా ఆ పైన 70. అక్కడే ఒక పోలిక ఉంది. పలకలు పేర్చి ఎన్నో కట్లతో బిగించిన పడవ నీటి మీద బరువు మొయ్యగలిగినట్టే, కీళ్ళన్నీ స్నాయువులతో కట్టి ఉండబట్టే మనిషి బరువు మోస్తాడట.

జాలరిపేట_గుంటడు
ఆ పోలిక రాసినాయనకి పడవ సంగతి బాగా తెలుసండి. తెప్ప దుంగలకి తాడు మరీ బిగించీసినా పనికిరాదు, కెరటానికి కాస్త ఆడాల. మరీ వదులైతే దుంగ దుంగకీ కొట్టుకుంటాది. వచ్చినాక విప్పి ఆరబెట్టి, మళ్ళీ ఎల్లేటప్పుడు కొత్తగా కడతాం. కాలికి ఆ ఈలు లేదు కదా, ఉన్న తాడునే కాపాడుకోవాల.

ఫిజియో_మద్దిలపాలెం
ఇది మా క్లినిక్ గోడ మీద రాసి పెట్టుకుంటాను.

ఉక్కునగరం_రన్నర్
అన్నీ బానే ఉన్నాయి గానీ, నొప్పి పోయింది అంటే తగ్గినట్టే కదా? రెండు వారాల్లో నొప్పి పోతుంది చాలామందికి. ఆ పైన కూడా వ్యాయామాలు అంటూ భయపెట్టడం ఎందుకు?

ఎముకలడాక్టరు
నొప్పి పోవడం వేరు, లిగమెంటు అతకడం వేరు. మొదటి కొద్ది రోజులు వాపు దశ. ఆ తరవాత సుమారు 6 వారాల దాకా ఒళ్ళు మూడో రకం కొల్లాజెన్ గబగబా అల్లుతుంది. అది తాత్కాలికం, బలం తక్కువ. దాన్ని మెల్లగా మొదటి రకం కొల్లాజెన్‌తో మార్చుకుంటూ పోతుంది, దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. నొప్పి మాత్రం రెండో దశ మధ్యలోనే పోతుంది. మీరు చెప్పిన రెండు వారాలంటే చీలమండలో ఉన్నది తాత్కాలిక కుట్టు. ఆ ధైర్యంతో పరుగెత్తితే మళ్ళీ అదే చోట తెగుతుంది.

కబడ్డీకోచ్_గాజువాక
డాక్టరు గారు చెప్పింది మోకాలి విషయంలో ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఏసీఎల్ (మోకాలి కీలు లోపలి లిగమెంటు) తెగినవాళ్ళకి తొడ వెనక కండరాల టెండన్ తీసి లోపల పెడతారు. పెట్టిన టెండన్ ముందు నెత్తురు లేక చచ్చుబడుతుంది, మెల్లగా కొత్త రక్తనాళాలు పట్టి లిగమెంటుగా మారుతుంది. 6 నుంచి 12 వారాల మధ్య అది అన్నింటికంటే బలహీనం. కుర్రాడు కుంటకుండా నడిచేదీ, "కోచ్, కోర్టులోకి దిగుతా" అని అడిగేదీ సరిగ్గా ఆ వారాల్లోనే. 9 నెలల లోపు ఎవర్నీ దింపకూడదు. అప్పుడైనా ఒంటికాలితో గెంతిన దూరం రెండో కాలు గెంతిన దూరంలో 90 శాతం ఉండాలి.

బీచ్‌రోడ్_వాకర్
కోచ్ గారూ, ఏసీఎల్ కట్టుతో అతకదా? మోకాలి లోపలివైపు లిగమెంటు తెగితే ఆపరేషన్ లేకుండా అతుకుతుందంటారు కదా.

ఎముకలడాక్టరు
లోపలివైపుది కీలు బయట, కండ పక్కన ఉంటుంది. తెగిన చోట రక్తం గడ్డకట్టి వంతెనలా నిలుస్తుంది, దాని మీద పోగులు అల్లుకుంటాయి. ఏసీఎల్ కీలు లోపల, జిగురు నీటిలో ఉంటుంది. ఆ నీరు గడ్డని నిలవనివ్వదు, తెగిన కొనలు విడిగా ఉండిపోతాయి. అలాగని తెగిన ప్రతివాళ్ళకీ ఆపరేషన్ అవసరమని కాదు. మోకాలు మెలితిరిగే ఆటలూ పనులూ లేనివాళ్ళు తొడ కండరాలు పెంచుకుని బాగానే నెట్టుకొస్తారు.

గుర్తు పట్టడం ఇలా: మోకాలు తిరిగినప్పుడు "టప్" మన్న శబ్దం, రెండు గంటల్లోపే మోకాలు నిండుగా వాచడం, తరవాత మెట్లు దిగేటప్పుడు కాలు వదిలేసినట్టు అనిపించడం. మూడూ ఉంటే ఆలస్యం చెయ్యొద్దు, బేగి చూపించండి.

సాగరకెరటం
తమ్ముడి చీలమండ విషయానికి వద్దాం. ఇప్పుడు ఏం వ్యాయామాలు? ఎన్ని?

ఫిజియో_మద్దిలపాలెం
ఇవాళ్టి నుంచి: కుర్చీలో కూర్చుని కాలు గాలిలో పెట్టి, బొటనవేలితో అ ఆ ఇ ఈ దిద్దమనండి. అచ్చులన్నీ, రోజుకి మూడుసార్లు. "ఋ" దిద్దేటప్పుడు అన్ని వైపులా తిరుగుతుంది, దాన్ని వదలొద్దు. తువ్వాలు పాదానికి వేసి తన వైపు లాగి 30 సెకన్లు ఆపాలి, మూడుసార్లు.

రెండో వారం: రబ్బరు బ్యాండు మంచం కోడుకి కట్టి, పాదాన్ని బయటి వైపుకి లాగడం, 15 చొప్పున మూడు విడతలు. ఇది అన్నింటికంటే ముఖ్యం. పిక్క బయటివైపు కండరాలే పాదం లోపలికి మడత పడబోతే ఆపేవి, లిగమెంటుకి కాపలా అవే. గోడ పట్టుకుని రెండు కాళ్ళతో మడమలు ఎత్తడం 20. నొప్పి పదికి మూడు దాటకపోతే మూడో వారం ఒంటికాలితో.

ఇక బ్యాలన్స్. దీన్నే అందరూ వదిలేస్తారు. లిగమెంటు తాడొక్కటే కాదు, దాంట్లో నరాల చివరలు ఉంటాయి. పాదం ఎంత వంగిందో ఆ చివరలే మెదడుకి చెబుతాయి. లిగమెంటు చిరిగితే ఆ కబురూ దెబ్బతింటుంది. లిగమెంటు అతికాక కూడా కొందరికి పదే పదే కాలు మడత పడడానికి అదో పెద్ద కారణం. ఒంటికాలి మీద 30 సెకన్లు, కళ్ళు తెరిచి. అది కుదిరాక కళ్ళు మూసుకుని. ఆ తరవాత దిండు మీద. పక్కన గోడ ఉండాలి. పళ్ళు తోముకునేటప్పుడు చేస్తే రోజూ రెండుసార్లు ఖచ్చితంగా అయిపోతుంది.

దంతవైద్యం_ఎంవీపీ
పళ్ళు అన్నారు కాబట్టి: పన్ను దవడలో మేకులా దిగ్గొట్టి లేదు, సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం లిగమెంటుతో ఊయలలా వేలాడుతుంది. అన్నంలో రాయి తగలగానే దవడ ఠక్కున ఆగేదీ ఆ లిగమెంటు కబురుతోనే. క్లిప్పులతో పళ్ళు జరిగేదీ దానివల్లే. నొక్కుడు పడిన పక్క ఎముక కరుగుతుంది, లాగుడు పడిన పక్క పెరుగుతుంది. లాగుడు ఆపేస్తే పన్ను వెనక్కి వస్తుంది, అందుకే రిటైనరు.

యోగా_సీతమ్మధార
కీళ్ళు బాగా వంగే పిల్లల్ని ఇంకా వంచొద్దని అందరికీ చెప్పండి. చిటికెనవేలు వెనక్కి 90 డిగ్రీలు దాటడం, బొటనవేలు ముంజేతికి ఆనడం, మోచేయి, మోకాలు 10 డిగ్రీలకి మించి వెనక్కి వంగడం (ఇవన్నీ రెండు వైపులా ఒక్కొక్క మార్కు), మోకాలు వంచకుండా అరచేతులు నేలకి ఆనడం ఒక మార్కు. మొత్తం 9. పెద్దవాళ్ళలో 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లిగమెంట్లు వదులని అనుకోవాలి. వాళ్ళకి సాగదీసే ఆసనాలు తగ్గించి బలం పెంచేవి ఇవ్వాలి. కడుపుతో ఉన్నవాళ్ళకి నడుం కింది కీళ్ళు వదులవుతాయి కాబట్టి వాళ్ళ విషయంలోనూ అంతే జాగ్రత్త.

కబడ్డీకోచ్_గాజువాక
ప్రదక్షిణ గురించి నా మాట: 5 వారాలంటే చాలు, కుర్రాడు, వెళ్ళనివ్వండి.

ఫిజియో_మద్దిలపాలెం
కోచ్ గారూ, 32 కిలోమీటర్లు. తొలిపావంచా (కొండ కింది తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టాక అడవివరం, హనుమంతవాక, ఎంవీపీ కాలనీ, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి సింహాచలం. చాలా మంది చెప్పుల్లేకుండా, సగం రాత్రి చీకట్లో, జనంలో కాలు ఎక్కడ పడుతుందో కనబడకుండా నడుస్తారు. చీలమండకి మామూలు పరీక్ష కాదు. చిరిగింది కొంచెమే అయితే, నాలుగో వారం చివర ఈ నాలుగూ కుదిరితే వెళ్ళొచ్చు:

గోడకి ఎదురుగా పాదం పెట్టి మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించాలి. బొటనవేలికీ గోడకీ ఎంత దూరం కుదిరిందో కొలిస్తే రెండు కాళ్ళకీ తేడా 2 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఒంటికాలితో మడమ ఎత్తడం రెండు కాళ్ళతోనూ సమానంగా రావాలి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడాలి. నాలుగోది, 10 కిలోమీటర్లు నడిచిన మర్నాడు పొద్దున వాపు రాకూడదు.

వాపు కంటితో చూస్తే తెలియదు, దర్జీ టేపుతో కొలవండి. చీలమండ ముందు నుంచి పాదం లోపలి వంపు మీదుగా, అరికాలి కిందుగా, బయటి అంచు మీదుగా పైకి వచ్చి, లోపలి గుబ్బ కింద, మడమ వెనక, బయటి గుబ్బ కింద, మళ్ళీ మొదటికి, 8 అంకెలా. రెండు కాళ్ళకీ ఒకే తీరులో, రోజూ ఒకే సమయానికి.

కబడ్డీకోచ్_గాజువాక
ఇలా అయితే ఒప్పుకుంటున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బీచ్‌రోడ్_వాకర్
నడక మొదలుపెట్టాక ఇసుకలో నడవనివ్వకండి. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి సముద్రం వైపు పాదం ప్రతి అడుగుకీ లోపలికి తిరిగి పడుతుంది. చిరిగిన లిగమెంటునే లాగుతుంది. పొద్దున వాహనాలు ఆపే వేళలో ఆర్కే బీచ్ రోడ్డు తారు మీద నడవడమే మంచిది.

సాగరకెరటం
ఇవాళ చూపించాం. మడమ పట్టి ముందుకి లాగితే రెండో కాలి కంటే కొంచెం ఎక్కువ జారింది, కానీ చివర గట్టిగా ఆగింది. రెండో గ్రేడు, అంటే కొంత భాగం చిరిగింది అన్నారు. ఒట్టావా పద్ధతిలో నొక్కి చూశారు, ఎక్కడా ఎముక నొప్పి లేదు. టేపు కొలత: దెబ్బ తగిలిన కాలు 54 సెంటీమీటర్లు, రెండోది 52.5. "ఋ" దిద్దేటప్పుడు బయటివైపు కొద్దిగా పట్టేస్తోందట. చీలమండని పట్టి ఉంచే, లేసులు కట్టే బ్రేసు రాశారు, అది సాక్సు పైనా, లోపలా?

ఫిజియో_మద్దిలపాలెం
పలచటి నూలు సాక్సు, దాని పైన బ్రేసు, ఆ పైన లేసుల బూటు. బ్రేసు కట్టేటప్పుడు మడమ వెనక్కి నొక్కి, పాదం 90 డిగ్రీల్లో పెట్టి, ముందు లేసులు, తరవాత బయటివైపు పట్టీని కింద నుంచి పైకి లాగి బిగించాలి. పడుకునేటప్పుడు తీసెయ్యాలి. రెండో వారం చివర టేపు కొలత ఇక్కడే పెట్టండి.